తో చహా, దేర్ టే

చాయ్ పొయ్యి మీద పెట్టాను, రా, కూర్చో. ఫోన్ పర్సులో పెట్టేస్తున్నావేం? బయటే ఉంచు. ఇవాళ మన ముచ్చటంతా దాని గురించే.

నీ సంగతి నాకు తెలుసులే. పొద్దున్నే ఎవరూ లేవకముందు ఓ పావుగంట, రాత్రి అంట్లు తోమాక ఓ పావుగంట, ఆ ఫోన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నావు. నర్సింగ్ చదివావు కాబట్టి వెళ్లాలనుకుంటున్నావో, మీ ఆయన స్టుట్‌గార్ట్‌లో ఉన్నాడో, చదువుకని వెళ్లిన కొడుకు దగ్గరికి వెళ్తే పక్కింటావిడతో నాలుగు మాటలైనా ఆడాలనో... కారణం నీది. మూడు వారాలు హుషారుగా సాగింది. ఇప్పుడు దిగులు పట్టుకుంది. "అక్కా, నాకు భాషలు ఎక్కవు" అంటున్నావు. అవునా?

ఈ పరేషాన్ నీ ఒక్కదానిదే అనుకోకు. 2024 ఫిబ్రవరిలో మన మహారాష్ట్ర ప్రభుత్వం జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంతో ఒప్పందం చేసుకుంది. నర్సులు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, ఇలా పని తెలిసినవాళ్లని మొదటి విడతగా 10,000 మందిని పంపుతామని. అదే ఏడు అక్టోబరులో జర్మనీ కూడా మన దేశపు నిపుణులకిచ్చే వీసాలు ఏడాదికి 20,000 నుంచి 90,000కి పెంచుతామంది. ఇంక చూసుకో, మనింటి చుట్టుపక్కల కూడా "పెళ్లెప్పుడు?" అని అడిగే నోళ్లే "జర్మన్ ఏ వన్ పరీక్ష అయిందా?" అని అడుగుతున్నాయి.

సరే, ముందు ఆ "భాషలు ఎక్కవు" అన్న మాట సంగతి తేలుద్దాం. మనం ఈ నాందేడ్‌కి కోడళ్లుగా వచ్చిన రోజు గుర్తుందా? నేను బోధన్ నుంచి, నువ్వు భైంసా నుంచి. 1956 దాకా ఇదంతా ఒకటే హైదరాబాద్ రాష్ట్రం. తర్వాత గీత గీసి నాందేడ్‌ని ఇటు వేశారు, మన పుట్టిళ్లని అటు ఉంచారు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు మాత్రం గీతని పట్టించుకోలేదు. ఇంటిపేరు చివర ‘వార్’ తగిలించుకుని అక్కడే ఉండిపోయింది. కానీ బజార్లో, బ్యాంకులో, బడిలో మరాఠీ కదా! వచ్చిన మొదటి వారం నేను ఇత్వారాలో చింతపండు కొనబోయాను. మన చింతపండే కదా అని ధీమాగా "చింతా ద్యా" అన్నాను. ఆ ముసలాయన తూకం రాళ్లు కింద పెట్టి, నన్ను పైనుంచి కిందకి చూసి, "చింతా వికత్ కశాలా ఘేతా, బాయీ? తీ ఫుకట్ మిళతే" అన్నాడు. దిగులుని డబ్బిచ్చి కొంటారామ్మా, అది ఊరికే దొరుకుతుందిగా, అని. పక్కనున్న ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. చింతపండుని మరాఠీలో ‘చించ్’ అంటారని ఆ రోజు నేర్చుకున్నది ఈ జన్మలో మర్చిపోను.

ఎనిమిది నెలలు తిరిగేసరికి అదే బజార్లో అదే ముసలాయనతో బేరమాడాను. నాకు ఏ మాస్టారు నేర్పాడు? ఏ పుస్తకం చదివాను? అవసరం పడింది, నోరు తెరిచాను, తప్పు మాట్లాడితే నవ్వారు, మళ్లీ తెరిచాను. నువ్వూ అంతే. భాష ఎక్కే బుర్ర లేకపోతే నీ పిల్లల టీచరుతో మరాఠీలో అంతసేపు ఎలా పోట్లాడావే? కాబట్టి ఆ మాట ఇంకోసారి అనకు. నీకు భాష ఎక్కుతుంది. ఎక్కనిది ఆ యాప్ పద్ధతి, అది కూడా మనం దాన్ని వాడే తీరు వల్ల.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వద్దాం. యాప్ జర్మన్ నేర్పుతుంది గానీ ఇంగ్లీషులో నేర్పుతుంది. మన ఇంగ్లీషేమో పెళ్లిలో పెట్టిన వెండి గిన్నెలాంటిది, బీరువాలో ఉంది, రోజూ వాడం. ఒక పరాయి భాష నేర్చుకోవడానికి ఇంకో పరాయి భాష గుమ్మంలోంచి వంగి వెళ్లాల్సి వస్తోంది. సగం అలసట అక్కడే. దీనికి మందు నా దగ్గరుంది. ఓ రెండొందల పేజీల నోట్‌బుక్ కొను. ప్రతి పేజీ మూడు గడులు చెయ్యి: జర్మన్, మరాఠీ, తెలుగు. అన్నీ మన లిపిలో రాసుకో మొదట్లో, ఎవరూ కొట్టరు. ఇంగ్లీషుకి గడి వద్దు.

మరాఠీ ఎందుకంటావా? విను, ఇది కొంచెం నిమ్మళంగా చెప్పాలి. జర్మన్‌లో అందరినీ ఏడిపించేది దేర్, దీ, దాస్. ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది, అదీ మూడు రకాలు. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారు. మనకేం ఖర్మ! తో, తీ, తే అని మరాఠీతో ఇన్నేళ్లు కాపురం చేయలేదూ? ‘తో చహా’ అంటాం, చాయ్ పుంలింగం. జర్మన్‌లో ‘దేర్ టే’, అదీ పుంలింగమే. ‘తే పాణీ’ నపుంసకం, ‘దాస్ వాసర్’ కూడా నపుంసకమే. అరె, భలే కలిసిందే అని సంబరపడతామా, ‘తే దూధ్’ దగ్గరికొచ్చేసరికి ‘దీ మిల్ష్’, స్త్రీలింగం. పాల దగ్గర విరిగింది! విరగనీ. అన్నీ కలవవు, కలవాల్సిన పనీ లేదు. వస్తువుకి లింగం ఉండడమేంటన్న ఆశ్చర్యం మనకి లేదు చూడు, సగం బరువు అక్కడే దిగిపోయింది. చమచా, సురీ అని మరాఠీలో ఎలా కంఠతా వచ్చాయో, వాళ్ల చెంచా ‘దేర్ లోఫెల్’, ఫోర్క్ ‘దీ గాబెల్’, కత్తి ‘దాస్ మెస్సర్’ కూడా అలాగే వస్తాయి. ఒకే కంచం పక్కన మూడు లింగాలు కూర్చున్నాయి, వాళ్ల పిచ్చి వాళ్లకి ఆనందం.

ఇంకోటి. వాళ్ల భాషలో ఆడపిల్ల ‘దాస్ మేట్‌షెన్’, నపుంసకం! ఇది వినగానే చాలామంది ముక్కున వేలేసుకుంటారు. మనం వేసుకోనక్కర్లేదు. ‘పిల్ల వచ్చింది’, ‘బండి వచ్చింది’, తెలుగులో క్రియ ఒకటే కాదూ? అబ్బాయి ‘వచ్చాడు’, మనమూ మేకా ‘వచ్చింది’. వాళ్లని అనే ముందు మనింట్లో చూసుకోవాలి.

లెక్కలు కూడా అంతే. ఇరవై అయిదుని వాళ్లు ‘ఫ్యున్ఫ్ ఉంట్ ట్స్‌వాన్‌ట్సిష్’ అంటారు, అంటే అయిదూ ఇరవై. తిరగేసి చెబుతున్నారని యాప్‌లో అందరూ గగ్గోలు. మరాఠీలో ‘పంచ్‌వీస్’ అన్నప్పుడు అయిదు ముందూ ఇరవై వెనకా అని మనం ఎప్పుడైనా గోల పెట్టామా? కూరగాయల లెక్క మరాఠీలో వేసే నోటికి జర్మన్ లెక్క ఎంతసేపు! ఇంక తెలుగు వంతు: ‘ఎందుకంటే నాకు టైం లేదు’ అనేదాన్ని వాళ్లు ‘వైల్ ఇష్ కైనె ట్సైట్ హాబె’ అంటారు. ఆ ‘వైల్’ పడిందంటే క్రియ వెళ్లి చివర కూర్చుంటుంది, అచ్చం మనలాగే. పెద్దవాళ్లకి ‘జీ’, దగ్గరివాళ్లకి ‘డూ’. మీరు, నువ్వు. ఆస్పత్రిలో ముసలాయన్ని ‘డూ’ అంటే బాగోదని మనకి ఒకరు చెప్పాలా?

ఒక్క శబ్దం దగ్గర మాత్రం తిప్పలు పడతావు, ఆ ‘ఫ్యున్ఫ్’లో ఉన్న ‘యు’ దగ్గర. ‘ఈ’ అంటూ ఉండు. అలా అంటూనే పెదవులు ఈల వేసేటప్పటిలా సున్నా చుట్టు. వచ్చేదే ఆ శబ్దం. అద్దం ముందు నాలుగు రోజులు చెయ్యి. ఇంట్లోవాళ్లు చూస్తే పంటి నొప్పి అని చెప్పు.

సరే, ఇంకో గుబులు. ఒక్క రోజు తప్పిపోతే యాప్ ఊరుకోదు, వరస తెగిపోయిందంటుంది. అది చూసి నీకు గుండె జారిపోతుంది. నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోగం నాకూ వచ్చింది. ఏ యాప్ అని అడక్కు, తప్పు దానిది కాదు, నాదే. నూటపదకొండు రోజులు ఒక్కటీ తప్పకుండా చేశాను. నూటపన్నెండో రోజు మరిది కూతురి పెళ్లి. తలంబ్రాలు పోస్తుంటే నేను విడిదింటి వెనకాల బకెట్ల మధ్య నిలబడి ‘కుక్క పాలు తాగుతుంది’ అని టైపు చేస్తున్నాను. అత్తయ్య వెతుక్కుంటూ వచ్చి, "కుక్కెక్కడుందే ఇక్కడ?" అంది. ఆ రాత్రి కూర్చుని నిజాయితీగా చూసుకున్నాను. చివరి నెలంతా వరస తెగకూడదని వచ్చిన పాఠాలే మళ్లీ మళ్లీ చేశాను. కుక్క పాలు తాగడం వచ్చింది, "కొంచెం మంచినీళ్లిస్తారా?" అని అడగడం రాలేదు.

అందుకని నా మాట విను. ఆదివారం సెలవు. వరస తెగితే తెగనీ, పుస్తెలతాడు కాదు. మిగతా ఆరు రోజులూ యాప్‌లో ఒక్క కొత్త పాఠం, ఆ తర్వాత నోట్‌బుక్‌లో ఆ రోజు నీ ఇంట్లో జరిగినవి రెండు వాక్యాలు. కుక్కలూ పాలూ వద్దు. ‘ఇవాళ నీళ్లు రాలేదు.’ ‘మా అత్తగారు ధర్మాబాద్ వెళ్లారు.’ ఇవి రాయబోతే మాటలు చాలవు, చాలనివి వెతుకుతావు. అలా వెతికి పట్టుకున్న మాట ఎక్కడికీ పోదు.

‘పోదు’ అన్నాను గానీ, పోతాయి కదా? నిన్న నేర్చుకున్నది ఇవాళ లేదని ఏడుస్తావు. అది నీ వయసు వల్లా కాదు, ఇంటి పని వల్లా కాదు. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పెద్దమనిషి అర్థంలేని అక్షరాలు తనే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కరాసి పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి రోజే ఎక్కువగా జారిపోతుందని, మళ్లీ మళ్లీ చూస్తే జారడం తగ్గుతుందని తేల్చాడు. 1972లో లైట్నర్ అనే ఆయన దీనికో చిట్కా చెప్పాడు. అయిదు గళ్ల పెట్టె. చీటీ మీద ఒకవైపు మాట, రెండోవైపు అర్థం. కొత్త చీటీలన్నీ మొదటి గడిలో, వాటిని రోజూ చూడాలి. వచ్చిన చీటీ రెండో గడికి జరుగుతుంది, దాన్ని కొన్నాళ్లు ఆగి చూస్తాం. మళ్లీ వస్తే మూడో గడి, ఇంకా ఆగి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి గడికే.

ఇది వినగానే నాకు పోపుల డబ్బా గుర్తొచ్చింది. రోజూ చెయ్యి పడే ఆవాలు, జీలకర్ర ముందు, ఎప్పుడో గానీ తియ్యని జాపత్రి అడుగున. మొన్న దీపావళికి పాత డబ్బా ఒకటి తోమి, పాత శుభలేఖల వెనకభాగం కత్తిరించి చీటీలు చేసి పెట్టుకున్నాను. ‘దీ ట్రెప్పె’, మెట్లు, అని రాసిన చీటీ తిరగేస్తే ఇంకా సగం వినాయకుడు కనబడతాడు. ఇదంతా ఫోన్‌లోనే కావాలంటే ‘అంకి’ ఉంది. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన 2006లో తయారుచేశాడు, జపనీస్‌లో ఆ మాటకి బట్టీపట్టడం అనే అర్థం. ఏ చీటీ ఏ రోజు చూపించాలో లెక్క అదే చూసుకుంటుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం. ఐఫోన్‌కి డబ్బు కట్టాలి. రోజుకి పది కొత్త చీటీలు దాటకు. ఆశపడి యాభై వేశావంటే వారం తిరిగేసరికి అవన్నీ అప్పులవాళ్లలా గుమ్మంలో నిలబడతాయి.

ఇప్పుడు సిగ్గు సంగతి. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో గొంతెత్తి "గూటెన్ మోర్గెన్" అనడానికి నోరు రావట్లేదు కదూ? మనసులో చదువుకుంటున్నావు. మనసులో చదివితే మనసుకే వస్తుందమ్మా, నాలుక్కి రాదు. కుక్కర్ పెట్టు, మిక్సీ వెయ్యి, ఆ మోతలో గట్టిగా అను. పొద్దున నడకకి గోదావరి ఒడ్డుకి, బందాఘాట్ వైపు వెళ్తావుగా, చెవిలో వైరు పెట్టుకుని మాట్లాడితే ఎవరో ఫోన్‌లో ఉన్నావనుకుంటారు. వినడానికి ‘నికోస్ వేగ్’ పెట్టుకో. జర్మనీ వాళ్ల రేడియో, టీవీ సంస్థ దోయిచె వెల్లె ఉచితంగా ఇస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చిన నికో అనే కుర్రాడు దిగీ దిగగానే బ్యాగు పోగొట్టుకుంటాడు, అక్కడ మొదలవుతుంది కథ. ఒక్కో ముక్కా రెండు నిమిషాలే. ఆపి, వాడు అన్నది వాడి రాగంలోనే అను. తిరిగి మాట్లాడే ఏఐలూ వచ్చాయి ఇప్పుడు, నోరు తిప్పుకోవడానికి బానే పనికొస్తాయి. ఎంత తప్పు మాట్లాడినా విసుక్కోవు. అప్పుడప్పుడు అవే ధీమాగా తప్పు చెబుతాయి, వ్యాకరణం మాత్రం పుస్తకంతో సరిచూసుకో. మా అత్తయ్య మొదట్లో సణిగింది. ఇప్పుడు పాలవాడికి తలుపు తీస్తూ "గూటెన్ మోర్గెన్" అంటోంది. వాడు "హో, మావశీ" అంటాడు. ఇద్దరికీ బానే నడుస్తోంది.

"ఇంకా ఎన్నాళ్లక్కా?" అంటావు. లెక్క వేద్దాం. ఏ వన్ అనే మొదటి మెట్టుకి 45 నిమిషాల పాఠాలు 80 నుంచి 200 దాకా పడతాయని ఆ పరీక్ష పెట్టే గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్లే చెబుతారు. అంటే 60 నుంచి 150 గంటలు. నువ్వు రోజుకి అరగంట చేస్తున్నావు, ఇకమీద ఆదివారాలు సెలవు కాబట్టి దాదాపు అయిదు నెలల నుంచి ఏడాది. ఇప్పటికి మూడు వారాలు, పదిన్నర గంటలైంది. పదిన్నర గంటల్లో ఆవకాయ కూడా ఊరదు, నువ్వేమో జాడీ మూత తీసి తీసి చూస్తున్నావు!

అయితే ఒక నిజం కూడా చెప్పాలి, మొహం చిన్నబుచ్చుకోకు. యాప్ నిన్ను గుమ్మం దాకా తీసుకెళ్తుంది, ఇల్లంతా తిప్పదు. భర్త దగ్గరికి వెళ్లే వీసాకి మామూలుగా ఏ వన్ అడుగుతారు; ఆయనది బ్లూ కార్డ్ అనే పర్మిట్ అయితే అదీ అక్కర్లేదు, ముందు ఆ కాగితం చూసుకో. నర్సుగా గుర్తింపు రావాలంటే మాత్రం సాధారణంగా బీ టూ కావాలి, ఏ వన్ తర్వాత ఇంకా మూడు మెట్లు. రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో అర్థం కావాలి కదా మరి. కాబట్టి ఏ వన్ వరకు ఫోన్‌తో, నోట్‌బుక్‌తో లాగించు. ఆ తర్వాత తప్పులు దిద్దే మనిషి ఉన్న క్లాసులో చేరు, ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో అక్కడే పెడదాం. పరీక్ష లేకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఎవడైనా వస్తే మంచినీళ్లిచ్చి పంపించెయ్.

పరీక్షకి పూణె మాక్స్ ముల్లర్ భవన్‌కో, హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్‌కో వెళ్లాలి. "పరీక్ష కోసం అంత దూరమా?" అని నిట్టూర్చకు. డ్యుయోలింగో అనే భాషల యాప్ మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడు లూయిస్ వాన్ ఆన్, గ్వాటెమాలా వాడు. అమెరికా చదువుకి ఇంగ్లీషు పరీక్ష రాయాలంటే సొంత దేశంలో చోటు దొరక్క పొరుగుదేశం ఎల్ సాల్వడార్‌కి వెళ్లాల్సి వచ్చింది. తర్వాతెప్పుడో 2012లో ఆ యాప్‌ని అందరికీ ఉచితంగా తెరిచారు. మనం సరిహద్దు దాటనక్కర్లేదు, సికింద్రాబాద్ రైలెక్కితే చాలు. పుట్టింట్లో ఒక పూట ఆగి కూడా పోవచ్చు.

పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఉంటాయి. నూటికి అరవై వస్తే పాస్. మాట్లాడడంలో మొదటే నిన్ను నువ్వు పరిచయం చేసుకోవాలి. పేరు, వయసు, దేశం, ఉండే ఊరు, భాషలు, వృత్తి, సరదా. పేరు అక్షరం అక్షరం చెప్పమనొచ్చు. ఇక్కడ జాగ్రత్త. మన ‘ఏ’ని వాళ్లు ‘ఆ’ అంటారు, మన ‘ఈ’ని ‘ఏ’ అంటారు. ఇంగ్లీషు అలవాటులో చెప్పావంటే నీ పేరు ఇంకెవరిదో అయిపోతుంది. అన్నట్టు మన ఇంటిపేర్ల చివరి ‘వార్’ మాత్రం వాళ్ల నోట అచ్చంగా పలుకుతుంది, వాళ్ల డబ్ల్యూ ‘వ’నే కదా. ‘వే, ఆ, ఎర్’ అని చెప్పు. వాళ్ల భాషలో ‘ఇష్ వార్’ అంటే ‘నేను ఉండేదాన్ని’ అని అర్థం. నాందేడ్‌లో ఉండేదాన్ని అని ఇంటిపేరే చెబుతుందేమో పో!

మొన్న పక్కింటి నర్సింగ్ పిల్ల నా వంటింట్లోనే దీన్ని సాధన చేసింది. ‘ష్ప్రాఖెన్’, భాషలు, దగ్గరికొచ్చేసరికి, "ఇష్ ష్ప్రెషె తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లిష్..." అని నాలుగు వేళ్లు ముడిచి, బొటనవేలు చూసుకుని, "ఉంట్ ఐన్ బిస్‌షెన్ దోయిచ్" అంది సిగ్గుపడుతూ. కొంచెం జర్మన్ కూడా, అని. ఆస్పత్రిలో రోజంతా పేషెంట్లతో మాట్లాడే ఉర్దూ ఏమైందే అన్నాను. సచ్‌ఖండ్ గురుద్వారా లంగర్‌లో సేవ చేస్తూ పట్టుకున్న ఆ నాలుగు పంజాబీ ముక్కలో? అని కూడా అడిగాను. రెండో చెయ్యి తీసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

చాయ్ చల్లారుతోంది, తాగు. ఆ కప్పు ఏంటో చెప్పు ముందు. ‘తో కప్’ కదా అని ‘దేర్’ అనకు.